1600 రేటింగ్ పిల్లల ఆట కూడా పేపర్లో వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది చెన్నై, వేళచ్చేరి. మా పాప మూడేళ్లుగా చెస్ ఆడుతోంది, రేటింగ్, అంటే ఆట బలాన్ని చెప్పే అంకె, 1600 దగ్గర తిరుగుతోంది. మొన్న ఒక కోచింగ్ సెంటర్లో సారు పిల్ల ఎదురుగానే "ఈ వయసుకి 2000 లేకపోతే కష్టమండి" అనేశారు, ఆ రాత్రి అది అన్నం ముట్టలేదు.

2024 డిసెంబర్లో మన చెన్నై కుర్రాడు గుకేష్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, మా వీధంతా పండగే, కానీ అప్పట్నుంచి ప్రతి ఇంట్లో అదే కొలత అయిపోయింది. 2700 దాటినోళ్లు ప్రపంచం మొత్తమ్మీద కొన్ని పదుల మందే, గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 చేరాలి, నార్ములూ (టోర్నమెంట్లలో ఆ స్థాయి ఆట ఆడితే వచ్చే గుర్తింపులు) తెచ్చుకోవాలి, ఆ కింద 1400 నుంచి 1800 దాకా వేలకి వేల మంది, మైలాపూర్ గుడి గోపురంలా పైకి పోయేకొద్దీ సన్నబడుతుందండీ ఇది. ఇంకోటి, రేటింగ్‌లో 200 తేడా ఉంటే వంద గేముల్లో (గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర) పైవాళ్లకి 76 పాయింట్లు దాకా రావాలని ఈలో లెక్క, అదే ఈ రేటింగులు కట్టే పద్ధతి, అంటే మిగతా 24 కిందోళ్లవే కదా! మొన్న మా పాప 1800 అబ్బాయితో నాలుగు గంటలు కూర్చుని డ్రా చేసింది, నాకైతే అది పెద్ద వార్తే.

మీ స్పోర్ట్స్ పేజీలో టైటిల్ గెలిచినోళ్ల ఫొటోల పక్కనే 1600 లోపు, 1800 లోపు టోర్నమెంట్ల రిజల్ట్స్ కూడా నాలుగు లైన్లు వెయ్యండి సార్.

- ఒక తండ్రి, వేళచ్చేరి, చెన్నై