చదువు రానిది పిల్లవాడికా, ఆ గదికా?

సంపాదకులు గారికి నమస్కారం.

మాఘ, ఫాల్గుణ మాసాల్లో మన దగ్గర పెళ్లి ముహూర్తాలు, ఇంటర్, టెన్త్ పరీక్షలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో బరాత్ డీజేల మోతకు కిటికీలు అదురుతుంటే, పరీక్ష రాసే పిల్లలున్న ఇళ్ల నుంచి పోలీసులకు ఫోన్లు వెళ్తాయి. మీ పత్రికలో ఒక వార్త వస్తుంది. పరీక్షలు అయిపోయాక ఆ ఊసే ఉండదు. నేను రాస్తున్నది టెన్త్, ఇంటర్ పిల్లల గురించి కాదు. ఏడాది పొడుగునా మెయిన్ రోడ్డు పక్క గదుల్లో కూర్చొని అక్షరాలు నేర్చుకుంటున్న చిన్న పిల్లల గురించి.

ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. స్టాఫ్ రూముల్లో ఎక్కువగా విన్న మాటలు రెండు: "వీడికి ఎంత చెప్పినా ఎక్కదు", "వీడు నిమిషం కుదురుగా కూర్చోడు". పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చిన తల్లి కూడా "ఏం జేస్తం టీచర్, వాళ్ల నాయనకే సదువు రాలే, వీనికేడ వస్తది" అని తేల్చేస్తుంది. పిల్లవాడి బుర్రను, తల్లిదండ్రుల పెంపకాన్ని, సెల్‌ఫోన్‌ను వరసగా అందరం తిడతాం. వాడు కూర్చునే గది ఎటువైపు ఉందని మాత్రం ఎవరూ అడగరు.

న్యూయార్క్‌లో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ ప్రశ్న అడిగారు. మాన్‌హాటన్‌లో ఒక బడి పక్కనే ఎత్తు మీద రైలు పట్టాలు ఉండేవి. నాలుగైదు నిమిషాలకో రైలు. అది వెళ్లేదాకా టీచర్ నోరు మూసుకోవాల్సిందే. పట్టాల వైపు గదుల్లో చదివే పిల్లలను, అదే బడిలో అవతలి వైపు గదుల పిల్లలను పోల్చి ఆమె 1975లో ఫలితాలు ప్రచురించారు. ఆరో తరగతికి వచ్చేసరికి పట్టాల వైపు పిల్లలు చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు. తర్వాత పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు వేశారు, గదులకు శబ్దాన్ని పీల్చుకునే సీలింగ్ పెట్టారు. 1981లో మళ్లీ చూస్తే రెండు వైపుల పిల్లల మధ్య తేడా లేదు. టీచర్లను మార్చలేదు, ట్యూషన్లు పెట్టించలేదు.

రోడ్డు పక్క ఉండేది పేదవాళ్లేగా, అసలు కారణం పేదరికమే కదా అని ఎవరైనా అనొచ్చు. మంచి అనుమానమే. అందుకే ఒకే బడిలో రెండు వైపులను పోల్చడం ముఖ్యం. జర్మనీలో మ్యూనిక్ పాత విమానాశ్రయాన్ని 1992లో మూసి, వేరే చోట కొత్తది తెరిచినప్పుడు కూడా పిల్లలను ముందూ తర్వాతా పరీక్షించారు. పాతదాని దగ్గరి పిల్లలకు జ్ఞాపకశక్తి, చదవడం మెరుగుపడ్డాయి. కొత్తదాని దగ్గరి పిల్లలకు అవే దెబ్బతిన్నాయి. వాళ్ల ఇళ్లు మారలేదు, అమ్మానాన్నలు మారలేదు. చప్పుడు మారింది.

ఇది ఎందుకు జరుగుతుందో క్లాసులో నిలబడ్డ వాళ్లకు తెలుసు. లారీ హారన్‌లో ఒక మాట కలిసిపోతే పెద్దవాళ్లం ముందూ వెనకా మాటలను బట్టి పూరించుకుంటాం. రెండో తరగతి పిల్లకు అన్ని మాటలు ఇంకా రావు, ఏం పూరించుకుంటుంది? 'పాట' అన్నారో 'బాట' అన్నారో, 'కల' అన్నారో 'కళ' అన్నారో స్పష్టంగా వినబడితేనే కదా రాయగలిగేది. పైగా రోజంతా మోతలో ఉన్న పిల్లలు చప్పుడును పట్టించుకోకుండా ఉండటం అలవాటు చేసుకుంటారు, దాంతో పాటు టీచర్ గొంతును కూడా. మనం దానికి 'పరధ్యానం' అని పేరు పెడతాం.

ప్రవర్తన సంగతి ఇంకా ఆలోచించాల్సినది. 1970ల మొదట్లో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి ఎప్పుడు వస్తాయో తెలియని పెద్ద చప్పుళ్లు వినిపించి, అవి ఆపేశాక ఎంతకూ తెగని పజిల్స్ ఇచ్చారు. ఆ చప్పుళ్లు విననివాళ్ల కంటే వీళ్లు తొందరగా వదిలేశారు. ఇంకో గుంపుకు మాత్రం "కావాలంటే ఈ బటన్ నొక్కి చప్పుడు ఆపుకోవచ్చు" అని చెప్పారు. బటన్ నొక్కకపోయినా వాళ్లు ఎక్కువసేపు పట్టు వదలకుండా ప్రయత్నించారు. మన బడి పిల్లల చేతిలో అలాంటి బటన్ లేదు. రెండు నిమిషాల్లో పలక పక్కన పెట్టేసే వాడిని సోమరి అనే ముందు ఇది గుర్తు చేసుకోవాలి.

పండుగలకు నేను వ్యతిరేకిని కాదు. వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేల మంది ఆడవాళ్లు చప్పట్లతో, గొంతుతో ఆడుకున్న ఊరు ఇది. బాక్సులు మధ్యలో వచ్చినవే. (ఇప్పుడు బతుకమ్మలోనూ అవే మోగుతున్నాయి, అది వేరే బాధ.) 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు, అయినా ఊరేగింపులు ఆగలేదు.

ఇక చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం గురించి చెబుతాయి. అక్కడ పగలు 50 డెసిబెల్స్ దాటకూడదు, హారన్ కొట్టకూడదు. కానీ 2017లో ఒక సవరణ చేశారు. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే ఏ ప్రాంతమైనా నిశ్శబ్ద మండలం అవుతుందన్నారు. అంటే బడి ఉన్నంత మాత్రాన రక్షణ రాదు, కాగితం రావాలి. ఆ కాగితం ముందు మూడు పట్టణాల ప్రాథమిక పాఠశాలలకు రావాలని, అంగన్‌వాడీలను కూడా అందులో కలపాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

నోటిఫికేషన్ కోసం ఆగకుండా చేయదగ్గవీ ఉన్నాయి. ప్రతి బడిలో ఒకటి, రెండు తరగతులను రోడ్డు వైపు గదుల నుంచి వెనక గదుల్లోకి మార్చొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. ఆఫీసు గది, స్టోర్ రూమ్ వెనక హాయిగా ఉండి, పసిపిల్లలు రోడ్డు వైపు ఉండటం చాలా బడుల్లో చూశాను. రేకుల కప్పు ఉన్న గదులకు వేసవి సెలవుల్లో సీలింగ్ వేయించాలి. ఎండ కూడా తగ్గుతుంది కాబట్టి ఆ ఖర్చుకు రెండు లాభాలు. కార్పొరేషన్ వాళ్లు ఫంక్షన్ హాలుకు లైసెన్స్ ఇచ్చేటప్పుడు పక్కన బడి ఎంత దూరంలో ఉందో చూడాలి.

నిబంధనల ప్రకారం చర్య తీసుకునే అధికారం కలెక్టర్, పోలీస్ కమిషనర్, లేదా డీఎస్పీకి తక్కువ కాని అధికారి చేతిలో ఉంటుంది. మన జిల్లాలో ఆ అధికారి ఎవరో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ప్రకటిస్తే, జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి హెడ్‌మాస్టర్ దాన్ని గేటు మీద రాయించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
హన్మకొండ