రీడింగ్ రూం కంప్యూటర్ నిధి: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం.

మన రీడింగ్ రూం కంప్యూటర్ కోసం వసూలు చేసిన డబ్బు ఎంత వచ్చింది, ఎలా ఖర్చయింది అని చాలామంది అడుగుతున్నారు. అడగడం మీ హక్కు, చెప్పడం మా బాధ్యత. చిల్లరతో సహా అసలు అంకెలు, రసీదులు, ఓచర్లు రిజిస్టర్‌లో అంటించి ఉన్నాయి. లైబ్రరీ తెరిచి ఉన్న ఏ వేళలోనైనా అడిగి చూడొచ్చు. ఇక్కడ వసూలైన మొత్తాన్ని 100 పాళ్లు అనుకుని, ఏ పద్దుకు ఎన్ని పాళ్లు పోయాయో చెబుతున్నాం. ఏది పెద్ద ఖర్చు, ఏది చిన్నది అన్నది ఇలా చెబితే తేలిగ్గా తెలుస్తుంది. అసలు చర్చంతా దాని గురించే కాబట్టి ఈ పద్ధతి ఎంచుకున్నాం.

జమ

సభ్యుల చందాలు: 62
పేరు రాయొద్దన్న దాతలు ఇచ్చినది: 25
పాత పత్రికలు అమ్మగా వచ్చినది: 8
కిందటేటి నిల్వ: 5
మొత్తం: 100

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. ఇక్కడ చదువుకునే పిల్లలు తమలో తాము పోగుచేసి తెచ్చిన చిల్లర కూడా సభ్యుల పద్దులోనే కలిసి ఉంది. ఆ సంగతి విడిగా చెప్పకుండా ఉండడానికి మాకు మనసొప్పలేదు.

సమావేశంలో ఇస్తామని చేతులెత్తిన వారి నుంచి ఇంకా 15 పాళ్లకు సరిపడా సొమ్ము రావాలి. పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఆ డబ్బు సమయానికి రాకపోవడం వల్ల ఏం జరిగిందో కింద ఆలస్యం గురించి రాసిన చోట చెబుతాం.

ఖర్చు

పరిశీలన, దుమ్ము దులపడం, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి బయటికి పోవడానికి పూసేది), బటన్ బ్యాటరీ: 3
ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె): 8
ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ బదులు పెట్టిన వేగమైన డిస్క్): 10
పాత హార్డ్ డిస్క్ నుంచి డేటా తీయించడం: 6
మదర్‌బోర్డు (అన్ని భాగాలూ బిగించే ప్రధాన పలక), ప్రాసెసర్ (పనంతా చేసే చిప్), ర్యామ్ (తాత్కాలిక మెమరీ): 48
విండోస్ లైసెన్సు: 12
బిగింపు కూలి, కేబుళ్లు: 3
మొత్తం: 90
చేతిలో నిల్వ: 10

మొదటి పద్దు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోయేది, ఎఫ్1 నొక్కితే గానీ ముందుకు కదిలేది కాదు. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోతే అలాగే అవుతుంది. అది మార్చాం. ప్రాసెసర్ మీది పేస్ట్ ఎండిపోయి పెచ్చులు లేచింది, దాన్నీ మార్చాం. బిగింపు కూలికి రసీదు ఉంది.

ఇక అసలు విషయం. "ముందు రిపేరు అన్నారు, తర్వాత కొత్తది అన్నారు, రెండింటికీ డబ్బు పోసారు. మొదట్లోనే కొత్తది కొనేసి ఉంటే ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీల మీద పెట్టిన 18 పాళ్లు మిగిలేవి" అని కొందరు సభ్యులు అంటున్నారు. ఈ మాట సరికాదు. ఆ రెండూ ఇప్పుడు నడుస్తున్న కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మొదటే మొత్తం కొత్తది తీసుకున్నా ఆ రెండూ అందులో భాగంగా కొనాల్సినవే.

వరస చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ప్రింట్ ఇచ్చినప్పుడల్లా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. మెకానిక్ మల్టీమీటర్ పెట్టి పసుపు తీగ మీద చూశారు. అక్కడ 12 వోల్టులు ఉండాలి, ఐదు శాతం అటూ ఇటూ అయితే పర్వాలేదు, అంటే 11.4 నుంచి 12.6 దాకా. పని ఎక్కువైనప్పుడు ముల్లు 11.4 కంటే కిందికి జారుతోంది. మా ఎదుటే చూపించారు. పాడైన ఎస్‌ఎంపీఎస్‌ను అలాగే వదిలేస్తే అది తనతో పాటు బోర్డునీ డిస్క్‌నీ తీసుకుపోగలదు. అందుకని ముందు దాన్ని మార్చాం. కొనేటప్పుడే 24 పిన్నుల కనెక్టర్‌తో పాటు ప్రాసెసర్‌కు 4+4 పిన్నులు ఉన్నదే కావాలని పట్టుబట్టాం. పాత బోర్డుకు 4 పిన్నులు చాలు. ఎప్పుడైనా బోర్డు మారిస్తే 8 కావాలి. ఆ ముందుచూపు వల్లే అది ఇప్పుడు కొత్త బోర్డుకు సరిగ్గా సరిపోయింది.

కొన్నాళ్లకు హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో, చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల (డేటా దాచే చిన్న గడుల) అంకె చూసిన ప్రతిసారీ పెరుగుతూ పోతోంది. మన పుస్తకాల జాబితా, సభ్యత్వ రిజిస్టర్, ఇన్నేళ్ల కార్యక్రమాల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. "మూడు రోజులు కంప్యూటర్ ముట్టుకోవద్దన్నారు, మా దరఖాస్తు పని ఆగింది" అని ఒకరు కోప్పడ్డారు. ఆ ఇబ్బంది మాకు తెలుసు. కానీ చచ్చిపోతున్న డిస్క్‌ను నడిపించే కొద్దీ మిగిలిందీ పోతుంది. మామూలుగా కాపీ చేస్తే చెడిన చోట చిక్కుకుని అక్కడే గీరుతూ కూర్చుంటుంది. అందుకని ముందు బాగున్న భాగాలన్నీ తీసి, చెడిన చోట్లకు చివర్లో తిరిగి వచ్చే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో తీయించాం. జాబితా, రిజిస్టర్ పూర్తిగా దక్కాయి. కొన్ని పాత ఫొటోలు రాలేదు. ఆ 6 పాళ్లు ఎక్కువని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. పుస్తకాల జాబితా మళ్లీ మొదటి నుంచి ఎక్కించడానికి ఎవరు కూర్చుంటారు?

ఎస్‌ఎస్‌డీ పెట్టాక కంప్యూటర్ వేగం ఎంత మారిందో మీరే చూశారు. అప్పుడు ఎవరూ ఖర్చు మాట ఎత్తలేదు. అంతలో మళ్లీ ఉన్నట్టుండి ఆగిపోవడం. కొత్త ఎస్‌ఎంపీఎస్, కొత్త డిస్క్, అయినా అదే రోగం. ర్యామ్ తీసి, దాని అంచుల్ని రబ్బరుతో రుద్ది, ఒక స్లాట్‌లో పెడితే లేస్తుంది, రెండో స్లాట్‌లో పెడితే బీప్ కొడుతూ తెర నల్లగా ఉండిపోతుంది. వేరే మంచి ర్యామ్ పెట్టి చూసినా అదే తీరు. అంటే తప్పు ర్యామ్‌ది కాదు, బోర్డుది. టార్చి వేసి చూస్తే ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడి, కరెంటును నిలకడగా ఉంచే చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్లలో కొన్నింటి తలలు ఉబ్బి కనిపించాయి. పైనున్న అల్యూమినియం రేకు చదునుగా ఉండాలి. ఒకదాని మీద అది చీలి, గోధుమ రంగు పొక్కు కట్టి ఉంది. కమిటీలో అందరం వంగి చూశాం. ఫొటో రిజిస్టర్‌లో ఉంది.

మరమ్మతా, మార్పా అన్న నిర్ణయం నిజంగా తీసుకోవాల్సి వచ్చింది ఇక్కడే. అంతకు ముందువి విడి భాగాలు. విడి భాగం పోతే మార్చడమే చౌక, అవి రేపు ఇంకో కంప్యూటర్‌కూ పనికొస్తాయి. బోర్డు అలా కాదు.

కెపాసిటర్లు ఒక్కటే మార్పిస్తే చాలా తక్కువలో పోయేది కదా అన్నారు. నిజమే, అది చేయగల పనే, మేమూ అడిగాం. కానీ పని చేయని ర్యామ్ స్లాట్ సంగతి దానితో తీరదు, ఆ పనికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేదు. పునాది కుంగిన ఇంటికి సున్నం వేసినట్టు అవుతుంది. పాత బోర్డు సెకండ్ హ్యాండ్‌లో వెతకమన్నారు. మనది 2012 నాటి ఇంటెల్ మూడో తరం ప్రాసెసర్, అది కూర్చునే గూడు 1155 సాకెట్. ఆ సాకెట్ బోర్డులు దొరికితే అంతే వయసున్నవే దొరుకుతాయి, వాటి కెపాసిటర్లకూ అంతే వయసు. విండోస్ 10 కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు పొందే పథకం ఉన్నా, అది 2026 అక్టోబరు దాకానే. విండోస్ 11 కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు బోర్డులో కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. మూడో తరం దాని దరిదాపుల్లో లేదు. సభ్యులు తమ ధ్రువపత్రాలు, పాస్‌వర్డులు టైప్ చేసే కంప్యూటర్‌ను అప్‌డేట్లు లేకుండా నడపడం మాకు ఇష్టం లేదు.

విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేద్దామని ఒక యువ సభ్యుడు సూచించాడు. మంచి సూచన. బోర్డు బాగుండి ఉంటే ఆ దారే పట్టేవాళ్లం, 12 పాళ్ల లైసెన్సు ఖర్చు కూడా తప్పేది. చెడిన బోర్డును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. కొత్త బోర్డు మీద లినక్స్ ఎందుకు వేయలేదంటే, మన పుస్తకాల జాబితా నడిచే ప్రోగ్రాం విండోస్‌లోనే పనిచేస్తుంది. పాత లైసెన్సు కంప్యూటర్‌తో పాటు వచ్చినది. అలాంటిది పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది, అందుకే కొత్తది కొనాల్సి వచ్చింది.

మరి బోర్డు ఒక్కటీ మారిస్తే సరిపోదా అని ఇంకో ప్రశ్న. సరిపోదు. కొత్త బోర్డు 1700 సాకెట్‌ది, పాత ప్రాసెసర్ అందులో కూర్చోదు. పాత ర్యామ్ డీడీఆర్3, 240 పిన్నులు. కొత్తది డీడీఆర్4, 288 పిన్నులు, గంటు ఉండే చోటు కూడా వేరు. మూడూ కలిసే మారాలి. అందుకే అది ఒకే పద్దుగా, 48 పాళ్లుగా కనబడుతోంది. డబ్బా, మానిటర్, కీబోర్డు, మౌస్ పాతవే, ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ అంతకు ముందు మార్చినవే. "కొత్త కంప్యూటర్ కొన్నారు" అనే మాట పూర్తి నిజం కాదన్నది ఇందుకే.

తక్కువ కొటేషన్‌ను కాదన్నారనే ఆరోపణ మమ్మల్ని బాధపెట్టింది. రెండు కొటేషన్లూ రిజిస్టర్‌లో పక్కపక్కనే ఉన్నాయి, దయచేసి చదవండి. తక్కువ దానిలో ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉంది. అంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. మన దగ్గర విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అది తెచ్చి పెడితే మానిటర్ మీద బొమ్మే రాదు, కార్డు కొంటే తేడా అంతా అక్కడే పోయి ఇంకా పైన పడుతుంది. పైగా బోర్డుకు రాతపూర్వక వారంటీ ఆ కొటేషన్‌లో లేదు. మేం తీసుకున్న దానికి ఉంది, ఆ కాగితం కోశాధికారి దగ్గర భద్రంగా ఉంది.

ఆలస్యం గురించి. బోర్డు పోయిందని తేలిన వారంలోనే కొనాలని తీర్మానించాం. చేతిలో డబ్బు చాలక ఆగాం. ఆ ఆగిన కాలంలో, 2025 చివరి నెలల్లో, ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. 16 జీబీ అనుకున్నది 8 జీబీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మాట ఇచ్చిన చందాలు అనుకున్న గడువులో వచ్చి ఉంటే ఈ పరిస్థితి రాకపోను. ఎవరి ఇబ్బందులు వారికి ఉంటాయి, కాదనం. కానీ ఇవ్వని వారిలో ఒకరిద్దరే ఖర్చు గురించి అందరికంటే ఎక్కువగా మాట్లాడుతున్నారు. ఆ మాట చెప్పక తప్పడం లేదు.

పాత హార్డ్ డిస్క్‌ను ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు. అందులో సభ్యుల వివరాలు ఉన్నాయి కాబట్టి బీరువాలో తాళం వేసి పెట్టాం. వచ్చే సమావేశంలో అందరి ముందు దాని లోపల డేటా ఉండే పళ్లేలు పగలగొట్టించి, ఆ తర్వాతే ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే వారికి ఇస్తాం. పాత బోర్డు కూడా అక్కడే ఉంది. ఉబ్బిన కెపాసిటర్లు కళ్లారా చూడాలనుకునే వారు అడగండి, తీసి చూపిస్తాం.

నిల్వ ఉన్న 10 పాళ్లను యూపీఎస్ బ్యాటరీ కోసం ఉంచాం. అది కరెంటు పోయాక ఫైలు సేవ్ చేసుకునేంత సేపు కూడా నిలవడం లేదు. బోర్డు మీద రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంది. రావాల్సిన 15 పాళ్లు వస్తే ఇంకో 8 జీబీ అందులో వేయిస్తాం. ఇవ్వదలచిన వారు కోశాధికారికి ఇచ్చి రసీదు తప్పకుండా తీసుకోండి. రసీదు లేకుండా కమిటీలో ఎవరి చేతికీ డబ్బు ఇవ్వొద్దు.

కమిటీ తరఫున,
కార్యదర్శి, కోశాధికారి