పాత ఈవీ అమ్మేవాళ్లు బ్యాటరీ ఎంతో కాగితం మీద రాసివ్వాలి

సంపాదకులు గారికి,

ఆకుపచ్చ నంబర్ ప్లేటు ఉండే ఎలక్ట్రిక్ కార్లు (ఈవీలు) ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి బాగా వస్తున్నాయి. 2020, 21లలో కొన్నవాళ్లు వాటిని అమ్మేసి కొత్త మోడళ్లకు వెళ్తున్నారు. పైగా తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చాక కొత్తవి కొనేవాళ్లు పెరిగారు కాబట్టి, రేపు పాతవిగా అమ్మకానికి వచ్చేవీ అంతే పెరుగుతాయి. వీటి ప్రకటనల్లో ఒక విషయం చూసి నాకు నిజంగా ఆందోళనగా ఉంది, అందుకే రాస్తున్నాను. సింగిల్ ఓనర్, ఇన్సూరెన్స్ ఉంది, టైర్లు కొత్తవి అని అన్నీ రాస్తారు, బ్యాటరీ ఎన్ని యూనిట్లదో, చార్జింగ్ ఎంత వేగంగా తీసుకుంటుందో మాత్రం రాయరు. కారు ధరలో పెద్ద భాగం ఆ బ్యాటరీదే కదా!

పెట్రోల్ కారుకైతే ఇంజిన్ సైజు ఆర్సీ మీదే ఉంటుంది. ఈవీ ఆర్సీలో సీసీ దగ్గర సున్నా ఉంటుంది, బ్యాటరీ సామర్థ్యానికి గడే లేదు. పోనీ కారు పేరు చూసి తెలుసుకుందామంటే అదీ కుదరదు. టాటా నెక్సాన్ ఈవీనే తీసుకోండి. 2020లో వచ్చినది 30.2 కిలోవాట్ అవర్, అంటే కరెంటు బిల్లు లెక్కలో 30 యూనిట్లు. 2022 మేలో వచ్చిన మ్యాక్స్ 40.5. 2023 సెప్టెంబర్‌లో రూపం మార్చాక మీడియం రేంజ్ 30, లాంగ్ రేంజ్ 40.5, ఆ తర్వాతి ఏడాది 45 కూడా వచ్చింది. అమ్మేవాళ్లు అన్నిటికీ 'నెక్సాన్ ఈవీ' అనే పెడతారు. ఎంజీ జెడ్ఎస్ ఈవీ కూడా ఇంతే, మొదట 44.5 ఉండేది, 2022లో 50.3 అయింది.

ఈమధ్య మా బావమరిదితో కలిసి హైదరాబాద్‌లో ఒక పాత కార్ల షాపుకు వెళ్లాను. బ్యాటరీ ఎంత అని అడిగితే అక్కడి కుర్రాడు ఇన్సూరెన్స్ కాగితం తెచ్చి, ఒక గడి మీద వేలు పెట్టి, "95 అన్నా, పెద్ద బ్యాటరీ" అన్నాడు. అది 2020 మోడల్ నెక్సాన్. ఆ 95 మోటారు పవర్, కిలోవాట్లలో. థర్డ్ పార్టీ ప్రీమియం కూడా ఈవీలకు ఈ కిలోవాట్ల ప్రకారమే వేస్తారు, అందుకే పాలసీలో ఆ అంకె కనిపిస్తుంది. కిలోవాట్ వేరు, కిలోవాట్ అవర్ వేరు: మొదటిది మోటారు బలం, లేదా చార్జింగ్ వేగం; రెండోది బ్యాటరీలో పట్టే కరెంటు. ఆ అబ్బాయి కావాలని మోసం చేస్తున్నాడని నేను అనుకోలేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ పది లక్షలకు దగ్గర్లో డబ్బు పెట్టేవాడికి ఆ తేడా తెలియకపోతే నష్టం ఎవరిది?

ఇక చార్జింగ్ సంగతి ఇంకా గందరగోళం. నెక్సాన్ మ్యాక్స్‌లో కారు లోపల ఉండే చార్జర్ రెండు రకాలుగా ఇచ్చారు, 3.3 కిలోవాట్లది, 7.2 కిలోవాట్లది. కొత్తలో రెండోదానికి 50 వేలు ఎక్కువ. బయటి నుంచి చూస్తే రెండిటి సాకెట్టూ ఒకటే. 3.3 ఉన్న బండిని ఇంటి దగ్గర రాత్రంతా పెట్టినా ఖాళీ నుంచి నిండదు, 7.2 ఉన్నది ఆరేడు గంటల్లో నిండుతుంది. టియాగో ఈవీలో, ఎక్స్‌యూవీ 400లో కూడా వేరియంట్‌ను బట్టి ఇదే తేడా ఉంది. కాబట్టి 7.2 అని నోటితో చెబితే నమ్మొద్దు. బ్యాటరీ సగానికి తక్కువ ఉన్నప్పుడు 7.2 ఇచ్చే ఏసీ (ఇంటి కరెంటు రకం) చార్జింగ్ పాయింట్‌కు తగిలించి, ఎన్ని కిలోవాట్లు ఎక్కుతోందో దాని యాప్‌లో చూడండి, మూడు కిలోవాట్ల దగ్గరే ఆగిపోతే కారులో ఉన్నది చిన్న చార్జరే.

ఫాస్ట్ చార్జింగ్ ఉందో లేదో మాత్రం కంటితోనే తెలుస్తుంది. మూత తీస్తే పైన ఏడు రంధ్రాల గుండ్రటి సాకెట్, దాని కింద రెండు పెద్ద రంధ్రాలు ఉంటే అది సీసీఎస్-2 అనే ఫాస్ట్ చార్జింగ్ సాకెట్. కింద ఆ రెండూ లేకపోతే విజయవాడ హైవే మీద సూర్యాపేటలో ఆగి అరగంటలో ఎక్కించుకుని వెళ్లడం కుదరదు. ఎంజీ కామెట్ అలాంటిదే, 17.3 యూనిట్ల సిటీ బండి, డీసీ చార్జింగ్ (అంటే ఫాస్ట్ చార్జింగ్) లేదు. సిటీలో తిరగడానికి బాగుంటుంది, అది తెలిసి కొంటే ఏ ఇబ్బందీ లేదు. పాత ట్యాక్సీ టిగోర్‌లకు, ఈ-వెరిటోలకు వేరే రకం చార్జింగ్ గన్ (జీబీ/టీ) కావాలి, హైవేల మీద ఇప్పుడు కొత్తగా పెడుతున్నవి దాదాపు అన్నీ సీసీఎస్-2లే. ఇంకో మాట, 60, 120 కిలోవాట్ల చార్జర్ ఉన్నంత మాత్రాన కారు అంత తీసుకోదు. 2020 నెక్సాన్‌కు కంపెనీ చెప్పిందే గంటలో 80 శాతం, అంటే సగటున 24 కిలోవాట్లే.

బ్యాటరీ అసలు సైజు, ఇప్పుడున్న ఆరోగ్యం అంచనా వేయడానికి ఎవరైనా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. టెస్ట్ డ్రైవ్ పేరుతో బండిని డీసీ చార్జర్ దగ్గరకు తీసుకెళ్లి 20 శాతం నుంచి 80 దాకా ఎక్కించండి, ఎన్ని యూనిట్లు పోయాయో తెర మీద వస్తుంది. 30.2 బ్యాటరీ అయితే 18 నుంచి 20, 40.5 అయితే 24 నుంచి 26 రావాలి. 30.2 బండికి 15 దగ్గరే 60 శాతం నిండిపోయిందంటే బ్యాటరీ తరిగిందని అనుమానించాలి. శాతం చూపించే మీటరులో కాస్త తేడా ఉండొచ్చు, కాబట్టి దీన్ని అంచనాగానే తీసుకుని, ఛాసిస్ నంబర్‌తో సర్వీస్ సెంటర్‌లో అసలు వేరియంట్ ఏదో, బ్యాటరీ హెల్త్ ఎంతో రిపోర్టు అడగండి. డాష్‌బోర్డు మీద కనిపించే రేంజ్‌ను, ప్రకటనలో రాసే 312, 437 కిలోమీటర్ల అంకెలను పట్టించుకోవద్దు. మొదటిది పాత ఓనర్ ఎలా నడిపాడో దాన్ని బట్టి వచ్చేది, రెండోవి ల్యాబ్ పరీక్ష అంకెలు. ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ, ఓనర్ పేరు మారాక కూడా వర్తిస్తుందో లేదో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. 2024 నుంచి బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి కూడా వచ్చింది కాబట్టి, బ్యాటరీ ఓనర్‌దేనా, అద్దెదా అన్నది ముందే అడగాలి.

అయితే ఇదంతా కొనేవాడే ఎందుకు పడాలి? పాత కార్ల డీలర్లు ఆర్టీఏ అధికారుల నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోనే ఇంకో షరతు చేర్చాలి: ఈవీ అమ్మితే బ్యాటరీ కిలోవాట్ అవర్లు, కారులోని ఏసీ చార్జర్ కిలోవాట్లు, డీసీ గరిష్ఠ వేగం, హెల్త్ రిపోర్టు తేదీ, ఈ నాలుగూ సంతకం పెట్టి ఇవ్వాలి. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి మార్కెట్లోకి వచ్చే ప్రతి కొత్త ఈవీ బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్టు (బ్యాటరీ వివరాల ఆన్‌లైన్ రికార్డు) తప్పనిసరి అవుతోంది. మనకు అంత పెద్ద ఏర్పాటు రావడానికి సమయం పడితే పట్టనివ్వండి, ఆర్సీలో పై నాలుగిట్లో మొదటి మూడింటికి గడులు చేర్చడానికి అంత సమయం అక్కర్లేదు. ఆ మూడు అంకెలూ కంపెనీల దగ్గర ఛాసిస్ నంబర్ వారీగా ఉన్నవే. రెండు రాష్ట్రాల రవాణా శాఖలు కేంద్రానికి ఈ ప్రతిపాదన పంపాలని, అప్పటిదాకా తమ పరిధిలోని డీలర్లకు కనీసం ఒక సర్క్యులర్ అయినా ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఖమ్మం