నా క్లెయిము మీద వేసిన లీన్ లెక్క సరిచేయండి

ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ మేనేజర్ గారికి,

విషయం: పనిలో దెబ్బ తగిలితే వచ్చే నా వర్కర్స్ కాంప్ పరిహారం క్లెయిము మీద, నాకు కట్టింది తిరిగి ఇమ్మని మీరు అడుగుతున్న 62,750 డాలర్ల లీన్

అయ్యా,

మీ ఉత్తరాల వెనక పేజీలో అనువాద సాయం దొరికే భాషల్లో తెలుగు కూడా ఉంది. ఇంగ్లీషులో మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాను, పని కాలేదు. అందుకే ఈసారి నాకు బాగా వచ్చిన భాషలో రాస్తున్నాను.

నేను న్యూజెర్సీలో, ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక రెస్టారెంట్‌కు కేటరింగ్ వ్యాన్ నడిపేవాణ్ణి. 2023లో దీపావళికి ముందురోజు రూట్ 1 మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ట్రక్కు వచ్చి గుద్దింది. నలభై మందికి సరిపడా సాంబారు సీటు మీదుగా వచ్చి నా వీపు మీద పడింది. కాలిన గాయాలు మానాయి గానీ, ఆపరేషన్ చేసినా కుడి చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవడం లేదు.

డ్యూటీలో జరిగింది కాబట్టి మీరు కట్టారు, కాదనను. వైద్యానికి 39,600, జీతం బదులు వారానికి 420 చొప్పున 20 వారాలకు 8,400, భుజానికి శాశ్వత నష్టం కింద 12,000. మొత్తం 60,000 డాలర్లు. తర్వాత నేను లాయర్‌ను పెట్టుకుని ట్రక్కు కంపెనీ మీద కేసు వేస్తే 1,50,000 డాలర్లకు రాజీ కుదిరింది. ఒకే దెబ్బకు రెండు చోట్లా డబ్బు తీసుకోకూడదు, అందులోంచి మీది మీకు రావాలి. దాంతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా లెక్కతోనే. న్యూజెర్సీ చట్టం 34:15-40 ప్రకారం మీకు తిరిగి రావాల్సిన దాంట్లోంచి లాయర్ ఫీజు కింద మూడో వంతు దాకా, కేసు ఖర్చుల కింద 750 డాలర్ల దాకా తగ్గించాలి. మా లాయర్ ఫీజు మూడో వంతే, ఖర్చులు 750 దాటాయి. 60,000లో 20,000 పోతే 40,000. అందులో 750 తీస్తే 39,250. మీరేమో ఒక్క డాలరు కూడా తగ్గించలేదు. ట్రక్కు కంపెనీ వెంట పడింది మేము, కోత కూలి ఇచ్చింది నేను, గింజలు కొలుచుకునేటప్పుడు మాత్రం మీరు వచ్చారు.

పైగా మీరు కట్టినదానికి ఇంకో 2,750 చేర్చారు. చెల్లింపుల లిస్టు తెప్పించుకుని చూస్తే అందులో రెండు లైన్లు కనిపించాయి: డాక్టర్ పరీక్ష 900, ఇన్వెస్టిగేషన్ 1,850. ఆ డాక్టర్ మీ తరఫున నా నష్టం ఎంత శాతమో తేల్చడానికి చూసినవారు. నా చెయ్యి రెండుసార్లు ఎత్తించి పది నిమిషాల్లో పంపేశారు, మందుచీటీ కూడా రాయలేదు. ఇక ఇన్వెస్టిగేషన్ అంటే మా అపార్ట్‌మెంట్ ఎదురుగా రెండు రోజులు ఆగిన బూడిదరంగు కారు. పాపం ఎవరికోసమో ఎదురు చూస్తున్నాడని మా ఆవిడ టీ ఇచ్చి రమ్మంది కూడా. నన్ను చాటుగా వీడియో తీయించిన ఖర్చు నా వైద్యమూ కాదు, నాకిచ్చిన పరిహారమూ కాదు. అది నా దగ్గర వసూలు చేయడమేమిటి?

ఫోన్‌లో నా క్లెయిము చూసే మీ అడ్జస్టర్ గారు "సిస్టమ్‌లో అంతే చూపిస్తోంది" అన్నారు. "ఇకమీదట మీ భుజానికి మేం ఏమీ కట్టం" అని కూడా అన్నారు. చివరి చెల్లింపు నుంచి రెండేళ్ళలోపు నొప్పి ముదిరితే కేసు మళ్ళీ తెరవమని అడిగే హక్కు నాకుంది. ట్రక్కు డబ్బు లెక్కలోకి తీసుకున్నా, అప్పుడయ్యే దాంట్లో మూడో వంతు మీరే భరించాలని మా లాయర్ గారు చెప్పారు. మీ అడ్జస్టర్ గారు అన్న ఆ మాట వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వండి.

మీ లీన్ తేలేదాకా ఆ రాజీ సొమ్ము, మా లాయర్ క్లయింట్ల డబ్బు ఉంచే ట్రస్ట్ అకౌంట్‌లోంచి కదలదు. మూడు నెలలైంది. మా అమ్మాయి కాలేజీ ఫీజు క్రెడిట్ కార్డు మీద కట్టాను, వడ్డీ పడుతోంది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో 39,250 డాలర్లకు సవరించిన లీన్ లెటర్‌ను, ఆ రెండు లైన్లు తీసేసిన లిస్టును మా లాయర్ గారికి పంపండి. రాకపోతే రాష్ట్ర బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ శాఖకు ఫిర్యాదు చేస్తాను. ఆ ఫారం నింపి పెట్టుకున్నాను, సంతకం ఒక్కటే మిగిలింది.

ఇట్లు,
మీ క్లెయిముదారు

జతపరిచినవి: మీ లీన్ లెటర్, చెల్లింపుల లిస్టు, లాయర్ ఫీజు ఒప్పందం కాపీలు