విశ్వనాథన్‌కి ఎందుకు రాలేదంటావ్?

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్రా? మొన్న ఫోన్లో "జాతీయ అవార్డులన్నీ అరవ సంగీత దర్శకులే పట్టుకుపోయారు" అని తెగ ఊగిపోయావు కదా, సిగ్నల్ పోయింది కాబట్టి బతికిపోయావ్. మిగతాది ఇప్పుడు విను.

సంగీత దర్శకులకి జాతీయ అవార్డు అంటూ మొదలైందే 1967 సినిమాల నుంచి. మొట్టమొదటిది మన 'మామ' మహదేవన్‌కే వచ్చింది, 'కందన్ కరుణై' అనే తమిళ సినిమాకి. మళ్ళీ ఆయనకే 'శంకరాభరణం'కి. ఇళయరాజాకి తొలి జాతీయ అవార్డు తెచ్చింది కూడా తెలుగు సినిమానే, 'సాగర సంగమం'. తమిళ 'సింధు భైరవి'కి వచ్చింది ఆ తర్వాతే. ఇక ఎవరి వాటా ఎంతని లెక్కేస్తావ్ చెప్పు!

'రోజా' ఏడాది సంగతి ఇంకా మజాగా ఉంటుంది. రెహమాన్‌కి అదే మొదటి సినిమా, అవతల 'దేవర్ మగన్'తో ఇళయరాజా. ఓట్లు సమానమైతే జ్యూరీ అధ్యక్షుడు బాలు మహేంద్ర కుర్రాడి వైపు మొగ్గాడు. ఏళ్ళ తరబడి తన సినిమాలకి ఇళయరాజాతోనే సంగీతం చేయించుకున్న మనిషి! నేనైతే మొహమాటానికే ఓటేసేవాణ్ణి.

నా బాధల్లా ఎమ్మెస్ విశ్వనాథన్ గురించిరా. ఒక్క జాతీయ అవార్డు లేదు, ఒక్క పద్మ పురస్కారం లేదు. తన జోడీ సంగీత దర్శకుడు రామ్మూర్తితో కలిసి 1952 నుంచి 1965 దాకా చేసిన ఆ పాటలన్నీ అవార్డు పుట్టకముందువి, సరే అనుకుందాం. మరి విడిపోయాక ఒక్కడే చేసినవో? 'మరో చరిత్ర'లో లిఫ్టు పాట గుర్తు తెచ్చుకో, సినిమా పేర్లు గుదిగుచ్చి రాసిన పాట. అందులో కవిత్వమేముంది, వరసగా పేర్లేగా, దాన్ని కూడా జనం ఇప్పటికీ కూనిరాగం తీసేలా చేశాడు చూడు, అదీ పనితనమంటే. జ్యూరీలకి మాత్రం శాస్త్రీయ రాగం గట్టిగా వినబడితేనే సంగీతం అనిపిస్తుందేమోనని నా అనుమానం.

చివరికి 2012లో జయలలిత ఇద్దరికీ 'తిరై ఇసై చక్రవర్తి' (సినీ సంగీత చక్రవర్తి అని) బిరుదిచ్చి, 60 బంగారు నాణేలు, కారు బహూకరించింది. మరుసటేడే రామ్మూర్తి పోయాడు, 2015లో విశ్వనాథన్. ఎనభై దాటాక కారిస్తే ఎక్కడికి తిరుగుతార్రా? అయినా ఆవిడైనా ఇచ్చింది, ఢిల్లీ వాళ్ళకి ఆ మాత్రం కూడా తోచలేదు.

నువ్వేమంటావో రాయి, ఫోన్ చెయ్యకు, మధ్యలో అరుస్తావు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ,
రాంబాబు