రైస్ మిల్లర్ల సంఘం వార్షిక నివేదిక (2024–25)

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా తవుడు చుట్టూనే తిరిగింది. మే నెలలో దాళ్వా (రెండో పంట) వడ్ల మిల్లింగ్ ముమ్మరంగా ఉన్నప్పుడు మన సభ్యుడొకరి గోదాములో పొగ లేచిన సంగతి మీకు తెలుసు. ఎవరో బీడీ పారేశారని హమాలీలను అనుమానించారు. అది అన్యాయం. పై బస్తాలు దించి చూస్తే అడుగున మూడో వరసలో తవుడు బొగ్గులా నల్లబడి ఉంది. గాలి తగలగానే ఎర్రగా రాజుకుంది. అకాల వానకు చిల్లుపడ్డ రేకులోంచి నీళ్లు కారి తడిసిన బస్తాలవి. వాటి మీదే కొత్త సరుకు పేర్చారు.

అందుకే ఆగస్టులో అవగాహన సభ పెట్టాం. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని అదే. కెమిస్ట్రీ లెక్చరర్ గారొకరు వచ్చి చక్కగా వివరించారు. తవుడులో నూనె 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. తేమ తగిలితే బూజు, బ్యాక్టీరియా పెరిగి వేడి పుడుతుంది. 70 డిగ్రీల దగ్గర అవి చాలావరకు చచ్చిపోయినా, అప్పటికే నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం జోరందుకుంటుంది. పుట్టిన వేడిని తవుడు బయటికి పోనివ్వదు. పచ్చిగడ్డి వాము వేస్తే లోపల ఉడుకెక్కినట్టే. నూనె తీశాక మిగిలే చెక్కకూ ఈ గుణం ఉంది కాబట్టే ఓడ రవాణా నిబంధనల్లో దాన్ని తనంతట తాను మండే సరుకుల తరగతిలో (4.2) చేర్చారు.

తర్వాత ఒక పాత కుప్పలోకి ఇనుప చువ్వ దింపి, పావుగంట ఉంచి తీశాం. మొన పట్టుకున్న కుర్రాడు వెంటనే చెయ్యి లాక్కున్నాడు. పైన తడిమితే మాత్రం కుప్ప చల్లగానే ఉంది! ముక్కిపోయిన నూనె వాసన వస్తే అనుమానించాలని పెద్ద హమాలీ ఒకాయన చెప్పిన మాట నోటు పుస్తకంలో రాసుకున్నాం.

సభకు స్థలమిచ్చిన సభ్యుడికి, లెక్చరర్ గారికి, ఆ రోజు కూలి వదులుకుని వచ్చిన హమాలీలకు, టిఫిన్లు పంపిన ఇంటి ఆడవాళ్లకు కృతజ్ఞతలు.

బాధ కలిగించినవీ ఉన్నాయి. రాత్రి గస్తీకి పన్నెండు మంది పేర్లిచ్చారు, వచ్చింది నలుగురే. ఆ నలుగురే సీజనంతా నిద్ర మానుకున్నారు. సభకు రమ్మని ఒక శాఖవారికి రెండు ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం. ఒక్కరూ రాలేదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. కోశాధికారి గారు చదువుతారు. చందా బాకీలు ఈ నెలలోగా కట్టగలరు.

పొడవు చువ్వ ఉన్న థర్మామీటర్లు రెండు కొన్నాం. ఆఫీసు బీరువాలో ఉన్నాయి. సంతకం పెట్టి తీసుకెళ్లండి, మర్నాటికి తిరిగివ్వండి.

ఇట్లు
కార్యదర్శి