పరిశోధన లెక్క సరిచేయండి: ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

ఉపకులపతి గారికి నమస్కారం.

అర్థశాస్త్రం, వాణిజ్యం, కంప్యూటర్ సైన్స్ విభాగాల పరిశోధనను ఒకే కొలబద్దతో కొలవడం అన్యాయం. కంప్యూటర్ సైన్స్‌లో మేలైన పని చాలావరకు సదస్సుల్లోనే వస్తుంది. జర్నల్ వ్యాసాలనే లెక్కిస్తే అదంతా కనబడకుండా పోతుంది. అర్థశాస్త్ర వ్యాసం అచ్చవడానికి ఏళ్లు పట్టవచ్చు, కాబట్టి వర్కింగ్ పేపర్లనూ (అచ్చుకు ముందే పంచుకునే వ్యాసాలు) నమోదు చేయించండి.

అసలు నష్టం పేర్ల దగ్గరే. ఒకరు విశ్వవిద్యాలయం పూర్తి పేరు, మరొకరు పొట్టి పేరు, ఇంకొకరు కళాశాల పేరు రాస్తే పరిశోధన వ్యాసాల డేటాబేస్ అయిన స్కోపస్‌లో వ్యాసాలు చెల్లాచెదురవుతాయి. పైగా ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక రాస్తే ఒకే మనిషి ఇద్దరిగా నమోదవుతారు. సంస్థ పేరుకు ఒకే ఇంగ్లిష్ రూపం ఖరారు చేసి, ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య తప్పనిసరి చేయండి.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ పట్టా ప్రకటనకు ముందే సిద్ధాంత గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతి, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చేరాలి. స్కాన్ బొమ్మలు కాదు, పదాలు వెతకడానికి వీలయ్యే పీడీఎఫ్ పంపించండి.

ఇట్లు,
అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు